డ్రాయింగులో లేని గేటు

మొన్నామధ్య బిలాస్‌పూర్ పక్కన మంగ్లాలో మా ఇంటికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. రైల్వే వర్క్స్‌లో కొత్తగా చేరాడు. మనవాళ్ళే, తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడతాడు గాని సగం హిందీ, చదవమంటే నవ్వేస్తాడు. చంకలో ఒక డ్రాయింగు చుట్ట పెట్టుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోకుండా దాన్ని మా భోజనాల బల్ల మీద పరిచేశాడు.

"సార్, ఈ రైల్వే కాలనీ మీరు చూసిందే కదా. డ్రాయింగ్ మే దీవార్ పూరీ హై. ఈ చివర నుంచి ఆ చివరదాకా గోడే. కానీ సైట్‌లో ఇక్కడ చిన్న గేటు ఉంది. ఏ ఫైల్లోనూ లేదు. ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలీదంటున్నారు. మూసేయమని ఆర్డర్ వచ్చింది. మూసేముందు మిమ్మల్ని ఒకసారి అడుగుదామని..."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కింద మూలన ఉన్న సంతకం నాదే. గోడ గీత తిన్నగా, ఎక్కడా తెగకుండా, ఎంత అందంగా ఉందో!

"కూర్చో నాయనా. చాయ్ పెట్టమంటాను. ఇది నిలబడి వినే సంగతి కాదు" అన్నాను.

ఆరోజు అతనికి చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను. వర్క్స్ డ్యూటీ చేసేవాళ్ళు, చేయబోయేవాళ్ళు చదవండి. తెలుగు చదవడం రాకపోతే మీ ఇంట్లో నాన్నమ్మ చేత చదివించుకోండి. ఆవిడకి ఇది మీకన్నా బాగా అర్థమవుతుంది.

నేను వర్క్స్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఇంజను, సిగ్నలు, పట్టా, వీటితో నాకు పనిలేదు. క్వార్టరు కప్పు కారినా, డ్రైను పొంగినా, తలుపు ఊడినా తిట్టుకోవడానికి రైల్వేవాళ్ళకి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. మా తాత పట్టాలు వేసే గ్యాంగులో బిలాస్‌పూర్ వచ్చాడు. మా నాన్న షెడ్డులో ఫిట్టరు. నేను ఆ కాలనీలోనే పుట్టి, ఆ గోడల మీదే గోళీలాడి, చివరికి ఆ గోడలకే ఆఫీసరునయ్యాను. అందుకని ఆ కాలనీ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవడికీ తెలీదని నా గర్వం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం మనిషిని నేను, మా ఆవిడ ఇప్పటికీ అదే అంటుంది.

రిటైర్మెంటుకి రెండేళ్ళుందనగా ఉత్తమ కాలనీ షీల్డు పోటీ వచ్చింది. పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నాడు. నా సర్వీసులో ఒక్క షీల్డు కూడా రాలేదు. పోయేముందు ఒకటి పట్టుకుపోవాలని ఉబలాటం పుట్టింది. దానికితోడు కాలనీలో సైకిళ్ళు పోతున్నాయని, మోటర్లు పోతున్నాయని ఫిర్యాదులు. దొంగలు వచ్చేదంతా వెనక గోడలో ఉన్న సందులోంచేనని అందరూ తేల్చేశారు.

ఆ సందు ఎప్పటిదో నాకే తెలీదు. నా చిన్నప్పుడే ఉండేది. నాలుగడుగుల మేర గోడ కూలిపోయి, ఇటుకలు అరిగి నున్నగా అయిపోయాయి. అందులోంచి దాటితే బుధవారి బజారు. కూరగాయలు, చేపలు, చాయ్ దుకాణం, బీపీ మాత్రలమ్మే కొట్టు, అన్నీ అక్కడే. మెయిన్ గేటు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రోడ్డెక్కాలి, లారీల మధ్య రెండుసార్లు రోడ్డు దాటాలి. మీ వయసువాళ్ళకి అది ఐదు నిమిషాల బండి ప్రయాణం. నాకూ అప్పుడు బండి ఉంది.

నేను మూడు పనులు చేశాను. ఒకటి, ఆ సందు మూసి గోడ పూర్తి చేయించాను. రెండు, సందుకి వెళ్ళే దారి పొడుగునా పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లతో ఎవరో వేసిన బెంచీలు ఉండేవి, నల్లగా, మేకులు తేలి, చూడ్డానికి అసహ్యంగా. వాటిని పీకించేశాను. మూడోది రంగులు. మన కాలనీలో తలుపులు ఎవరి రంగు వాళ్ళు వేసుకునేవాళ్ళు. నీలం, పచ్చ, ఎరుపు, ఒకాయన గులాబీ కూడా. ఆ రంగులు షెడ్డులోంచి, రైలు పెట్టెల కోచింగ్ డిపోలోంచి ఎలా వచ్చేవో నేను రైల్వే మనిషిని కాబట్టి నాకెప్పుడూ కనబడలేదు. అన్నీ గీకించి, గోడలన్నింటికీ ఒకే క్రీమ్ రంగు, తలుపులన్నింటికీ ఒకే బ్రౌన్ వేయించాను. వరసలో నిలబడి చూస్తే మొదటి క్వార్టరేదో చివరిదేదో తెలియనంత నీటుగా వచ్చింది.

గోడ కట్టింది మా మిస్త్రీ. ఇక్కడి మనిషి, ఛత్తీస్‌గఢీ, నాకన్నా పెద్దవాడు. నాతో ఇరవై ఏళ్ళు పనిచేశాడు, ఎప్పుడూ ఎదురుచెప్పలేదు. ఆరోజు తాపీ పట్టుకుని సందు దగ్గర నిలబడిపోయాడు.

"డోకరీ దాయి మన్ కహాఁ లే జాహీ, సాహెబ్?" అన్నాడు. ముసలమ్మలు ఎటునుంచి వెళతారు సాహెబ్ అని.

"గేటుంది కదా మిస్త్రీ" అన్నాను.

"దూర్ హే, సాహెబ్."

"అచ్ఛా, దూరమైతే కొడుకులు తెచ్చిపెడతారు. కానివ్వు" అన్నాను.

అతను ఇటుక పెట్టాడు.

ఇప్పుడు పిన్ని సంగతి చెప్పాలి. సొంత పిన్ని కాదు. ఆవిడ భర్త, మా నాన్న షెడ్డులో ఒకే గ్యాంగు. ఆయన్ని సిన్నాన్న అనేవాణ్ణి, ఆవిడ పిన్ని. మా అమ్మ జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్న ఆర్నెల్లూ నాకు అన్నం పెట్టింది ఆవిడే. సిన్నాన్న పోయాక కొడుక్కి ఉద్యోగం వచ్చింది, గూడ్స్ డ్రైవరు. నేను గోడ కట్టించేనాటికే వాళ్ళు కాలనీ చివర పాత వరసలో క్వార్టరు వదిలి రెండు లైన్ల అవతల కొడుకు పేరున వచ్చిన క్వార్టర్లో ఉంటున్నారు. పాత క్వార్టరు తలుపుకి సిన్నాన్న పచ్చరంగు వేశాడు. కొత్తదానికి కూడా పచ్చరంగే వేయించమని పిన్ని కొడుకుని పోరి వేయించుకుంది. దాన్నీ నేను బ్రౌన్ చేయించాను.

అప్పటికి పిన్నికి డెబ్బై ఆరో ఏడో. కొన్ని సంగతులు మరిచిపోతూ ఉండేది. పొద్దున్న తిన్నది, నిన్న వచ్చిన మనిషి. కాని రోజూ తొమ్మిది గంటలకి సంచీ పట్టుకుని బయల్దేరేది. బెంచీ మీద ఒకసారి కూర్చునేది, కుళాయి దగ్గర ఇంకోసారి ఆగేది, సందు దాటి బజారుకెళ్ళి, ఉల్లిపాయలమ్మేదానితో దెబ్బలాడి, నాలుగు వంకాయలు తెచ్చుకునేది. ఒక్కరోజు దారి తప్పలేదు. దాంతో ఇంట్లో అందరూ ఆవిడకేం లేదు, వయసు, అంతే అనుకునేవాళ్ళు.

గోడ లేచిన వారానికి వాళ్ళింటికి వెళ్ళాను. చాయ్ ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ తిట్లు లంకించుకుంది.

"ఏ దరిద్రుడోగాని సందు మూసేసినాడ్రా గుంటడా. ఆడి సేతులు పడిపోనూ! ఆడికి అమ్మా బాబూ లేరేటి? నాను బజారుకెలా ఎల్లాల?"

నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ కాలనీలో నన్ను ఇంకా పిల్లాణ్ణి చేసి గుంటడా అని పిలిచే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ కోడలు వంటింట్లోంచి నావైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. గోడ ఎవరు కట్టించారో ఆ అమ్మాయికి తెలుసు. నేనూ నవ్వేశాను. చాయ్ తాగేసి వచ్చేశాను. నేనే పిన్నీ అని ఒక్క మాట అని ఉంటే ఆవిడ నన్ను నాలుగు తిట్టి, నా మెడలు వంచి ఆరోజే గోడ తీయించి ఉండేది. ఆ భయంతోనే చెప్పలేదు. షీల్డు ఇన్‌స్పెక్షను ఇంకా ఇరవై రోజులుంది.

షీల్డు వచ్చింది. పూలదండ వేశారు, ఫొటో తీశారు. ఆ రాత్రి మా ఆవిడ పాయసం కూడా చేసింది.

తరవాత వానలు, తరవాత చలికాలం. పిన్ని బయటికి రావడం తగ్గించేసింది. మొదట్లో మెయిన్ గేటు వైపు బయల్దేరేదట. కూర్చోడానికి ఎక్కడా చోటు లేక సగం దారిలో తిరిగి వచ్చేసేదట. తరవాత అదీ లేదు. కోడలు స్కూల్లో పని, కొడుకు రన్నింగ్ డ్యూటీ. రోజంతా మంచం, టీవీ. నేను కనబడితే మా అమ్మ పేరుతో పిలిచి, నువ్వెప్పుడొచ్చినావే అని అడిగిందొకసారి. వయసు కదా అని సర్దిచెప్పుకున్నాను. మనిషికి తన తప్పు కనబడకుండా ఉండాలంటే వయసు అనే మాటని మించింది లేదు.

హెల్త్ యూనిట్లో ఒక డాక్టరమ్మ ఉండేది, తెలంగాణ వైపు నుంచి వచ్చింది, చిన్న వయసు. ఒకరోజు నా షుగరు చూస్తూ అడిగింది.

"అంకుల్, మీ కాలనీల ఏమన్నా మారిందా ఈ మధ్య?"

"ఏం మారింది? మంచిగా అయింది. షీల్డు వచ్చింది."

"అది కాదు అంకుల్. ముసలోళ్ళు ఇదివరకు నడిచొచ్చి లైన్ల నిలబడి నాతోని కొట్లాడెటోళ్ళు. ఇప్పుడు కొడుకులొచ్చి మందులు తీస్కపోతున్రు. వచ్చినోళ్ళు ఆటోల వస్తున్రు. మోకాళ్ళు బిగుసుకుపోయినయ్, నిద్ర పడతలేదంటున్రు. ఒకామెకైతే నేను ఎవరో కూడా యాదికి లేదు. నా దగ్గర మందు లేదు దీనికి. నడిచే మనిషి కూర్చుంటే కాళ్ళతో పాటు తల కూడా కూర్చుంటది అంకుల్."

"చలి కదమ్మా" అన్నాను.

ఆమె చీటీ రాసిచ్చి, తరవాతి మనిషిని పిలిచింది.

ఇక ఆ రోజు సంగతి. ఫిబ్రవరి నెల అనుకుంటాను, ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. కాలనీ చివర ఉన్న పాత వరస, ఆరు క్వార్టర్లు, పనికిరావని ఎప్పుడో తేల్చారు. పిన్నీవాళ్ళు ముందున్న క్వార్టరు ఆ వరసలో నాలుగోది. మనుషుల్లేక మూడేళ్ళయింది. వాటిని పడగొట్టడానికి జేసీబీ ఆరోజు తొమ్మిదిన్నరకి రావాలి. పడగొట్టేముందు ఇన్‌స్పెక్టరు వెళ్ళి ప్రతి గదీ చూసి, ఖాళీగా ఉందని సర్టిఫికెట్ ఇవ్వాలి. నేను ముందురోజు సాయంత్రం ఆఫీసులో కూర్చుని, సమోసా తింటూ సంతకం పెట్టేశాను. మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న ఇంట్లో చూసేదేముంది? తలుపుల మీద సున్నంతో కొట్టివేత గుర్తులు పెట్టమని మిస్త్రీకి చెప్పాను. మిగిలిన సున్నం సంచీ అక్కడే వరండాలో వదిలేశారు.

పొద్దున్న ఎనిమిది గంటలకి పిన్ని కోడలు ఫోను చేసింది.

"బావగారూ, అత్తయ్య కనబడటం లేదు. నేను స్నానానికెళ్ళి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. ఆయన డ్యూటీలో ఉన్నారు, ఫోను అందటం లేదు. లైనంతా చూశాను."

బండి తీసి పరిగెత్తాను. నా మనుషులందరినీ తలో దిక్కూ పంపాను. నేను బజారు వైపు వెళ్ళాను. ఉల్లిపాయలమ్మేది నన్ను చూసి, దాయి చాలా రోజులైంది రాక, బతికే ఉందా అని అడిగింది. స్టేషనుకి వెళ్ళాను. ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాను. యార్డు వైపు చూడాలంటే భయమేసింది. పట్టాల మీద ముసలమ్మ అని ఎవరైనా అంటారేమోనని చెవులు మూసుకోవాలనిపించింది. తొమ్మిదిన్నర ఎప్పుడయిందో, జేసీబీ ఎప్పుడొచ్చిందో నాకు గుర్తేలేదు. ఆ పని చెప్పింది నేనే, ఆపమని చెప్పాల్సిందీ నేనే.

పదీ పావుకి మిస్త్రీ ఫోను చేశాడు. "సాహెబ్, పాత లైనుకి రండి. జల్దీ" అన్నాడంతే.

నేను వెళ్ళేసరికి ఆ లైనంతా దుమ్ము. ఒకటి, రెండు, మూడు క్వార్టర్లు నేలమట్టం. నాలుగో దాని ముందు జేసీబీ ఆగి ఉంది, ఇంజను ఆడుతూనే ఉంది. కంట్రాక్టరు మనిషి ఆపరేటరు మీద అరుస్తున్నాడు, కాగితం చూపించి, ఖాళీ అని సాహెబ్ సంతకం ఉంది కదా అని. ఆపరేటరు కిందికి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పల్లెటూరి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి.

"చౌక్ పురే హే, సాహెబ్" అన్నాడు నాతో. "భీతర్ మ మనఖే హే. మైఁ నఇ టోరవ్."

ముగ్గు వేసి ఉంది, లోపల మనిషుంది, నేను పడగొట్టను అని. మనం ముగ్గంటాం, వాళ్ళు చౌక్ అంటారు.

చూశాను. గడప ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉంది. వంకర టింకరగా, చుక్కలు కలవక, ఒక మూల చెరిగిపోయి. మేము కొట్టివేతకి గుర్తు పెట్టడానికి తెచ్చిన సున్నంతోనే వేసింది. ముగ్గు వెనక పచ్చ తలుపు. ఆ వరసని ఎలాగూ పడగొట్టేస్తాం కదా అని రంగు వేయించలేదు నేను. కాలనీ మొత్తం మీద పచ్చ తలుపు అదొక్కటే మిగిలింది. పొద్దున్న బయటికొచ్చిన మనిషి, తన ఇల్లేదో తెలియక, ఒకేలా ఉన్న బ్రౌన్ తలుపులన్నీ దాటుకుంటూ, పచ్చ తలుపు దొరికేదాకా నడిచింది. నేను దాని మీద వేయించిన సున్నం గుర్తుని కొంగుతో తుడిచేసింది కూడా.

లోపలికి వెళ్ళాను. పిన్ని వంటగది మూల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తలంతా దుమ్ము, కనురెప్పల మీద కూడా దుమ్ము. అరచేతులు సున్నానికి ఎర్రగా పొక్కాయి. ముందర ఒక చితికిపోయిన డబ్బా, దాన్నిండా బయట కుళాయి నీళ్ళు.

"ఏటిరా గుంటడా, ఆ సప్పుడు?" అంది నన్ను చూసి. "షెడ్డులో ఇంజనేటైనా పడిపోనాదేటి? ఒకటే అదురు. మీ సిన్నాన్న డూటీ దిగే ఏల అయిపోనాది, పొయ్యి ఎలిగించుదామంటే అగ్గిపెట్టి దొరకనేదు."

పక్క గోడ అవతల మూడో క్వార్టరు లేదు. మధ్యగోడ నెర్రెలిచ్చి వెలుతురు కనబడుతోంది. ఇంకొక్క దెబ్బ పడి ఉంటే అంతే. ఆ దెబ్బ కింద సంతకం నాది.

నేను అక్కడే, ఆ దుమ్ములో, ఆవిడ పక్కన చతికిలబడి ఏడ్చాను. సర్వీసులో ఎప్పుడూ అలా ఏడవలేదు, మా నాన్న పోయినప్పుడు కూడా. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"ఆకలేస్తోందేటి? అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేస్తాదిలే. ఊరుకో" అంది.

బయటికొచ్చి ఆపరేటరు చేతులు పట్టుకున్నాను. ఇంజను ఆపెయ్యి బాబూ అన్నాను. అతను ఆపేశాడు. అతన్ని మళ్ళీ చూడలేదు. నేను ఎందరో పెద్ద ఇంజనీర్ల కింద పనిచేశాను, వాళ్ళెవరూ నేర్పనిది ఆ మనిషి నేర్పాడు. కాగితం చూసి కాదు, గడప చూసి పని చెయ్యాలి.

ఇక నేనేం చేశానో చెబుతాను. మెచ్చుకోవద్దు, పూర్తిగా వినండి. సాంకేతిక కారణాల వల్ల కొట్టివేత వాయిదా అని రిపోర్టు రాశాను. సర్టిఫికెట్ సంగతి ఎక్కడా ఎత్తలేదు. కంట్రాక్టరుకీ అదే మంచిది కాబట్టి నోరు మెదపలేదు. మూడోరోజున మిస్త్రీని గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏం చెయ్యాలో నేను చెప్పకముందే అతను సుత్తి తెచ్చుకున్నాడు. ఒక మనిషి పట్టేంత సందు, మధ్యలో బండ్లు దూరకుండా ఒక ఇనప పైపు, పక్కన చెయ్యి ఆన్చుకోవడానికి ఇంకో పైపు, రాత్రి తాళం వేసుకునేందుకు చిన్న గేటు. స్లీపరు బెంచీలు ఏమయ్యాయని అడిగితే, స్టోరు వెనకాల గోనెపట్టాలు కప్పి దాచానన్నాడు. "మాలూమ్ రహిస్, సాహెబ్" అన్నాడు. తెలుసు, ఎప్పుడో ఒకరోజు మీరడుగుతారని, అని. వాటిని పాత గుంటల్లోనే మళ్ళీ పాతాడు.

పిన్ని తలుపుకి పచ్చరంగు నా చేత్తో నేనే వేశాను. అది చూసి పక్కింటాయన నీలం అడిగాడు, ఎదుటింటావిడ ఎరుపు. నెల తిరిగేసరికి లైనంతా మళ్ళీ సంతలా తయారైంది. మరుసటి ఏడు షీల్డు పక్క కాలనీకి పోయింది.

కాని గేటుని డ్రాయింగులో మాత్రం పెట్టలేదు. పెట్టాలంటే పైకి రాయాలి. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే ఆ సర్టిఫికెట్ బయటికి తీయాలి. రిటైర్మెంటు దగ్గరపడింది. భయం. ఇంతకన్నా పెద్ద మాటేమీ లేదు దానికి.

గేటు పెట్టిన మొదటిరోజు పిన్నిని నేనే తీసుకెళ్ళాను. మా ఇద్దరికీ బజారు చేరడానికి అరగంట పట్టింది. నేను పుట్టి పెరిగిన దారి. ఆరోజే మొదటిసారి దాన్ని చూశాను. ఆవిడ ఎక్కడ ఆయాసపడిందో సరిగ్గా అక్కడ మొదటి బెంచీ. మోకాలు పట్టేసేచోట కుళాయి, పట్టుకోవడానికి దాని దిమ్మె. ఎండ మొహాన కొట్టేచోట వేపచెట్టు. ఎవరో ముసలివాళ్ళు తమ ఒంటితో కొలిచి వేసుకున్న దారి అది. నేను టేపుతో కొలిచి పీకించాను. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఆవిణ్ణి పలకరించారు. ఆవిడ కొందరిని గుర్తుపట్టింది, కొందరికి ఊరికే తలూపింది. ఉల్లిపాయలమ్మేది లేచొచ్చి చెయ్యి పట్టుకుంది. మూడు నిమిషాల్లో ఇద్దరూ ధర దగ్గర పోట్లాట మొదలుపెట్టారు. ఛత్తీస్‌గఢీలో, ఒక్క మాట తడబడకుండా! ఇంట్లో కొడుకు పేరు వెతుక్కునే మనిషి.

తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగాను. ఇంక దాచుకోలేకపోయాను.

"పిన్నీ, సందు మూయించి ఇక్కడ గోడ కట్టించింది నేనే. నువ్వు తిట్టింది నన్నే. నన్ను క్షమించు" అన్నాను.

ఆవిడ పైపు పట్టుకుని, ఇటూ అటూ చూసి, నావైపు తిరిగింది.

"ఏ గోడరా? ఇక్కడ గోడెప్పుడుందీ? నాను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ ఇది దారే కదేటి?" అంది. "ఎండెక్కిపోతోంది, నడు."

ఆవిడకి గోడ గుర్తులేదు. తిట్టిన తిట్లు గుర్తులేవు. క్షమించమని అడిగితే క్షమించడానికి ఆవిడ దగ్గర ఆ తప్పే లేదు. అది నా ఒక్కడి దగ్గరే మిగిలిపోయింది.

పోయిన జ్ఞాపకాలు తిరిగి రాలేదు. డాక్టరమ్మ కూడా ముందే చెప్పింది, ఆశపెట్టుకోవద్దని. కాని ఉన్నది ఇంకొన్నాళ్ళు నిలిచింది. పిన్ని మళ్ళీ హెల్త్ యూనిట్‌కి నడిచి వచ్చి, లైన్లో ముందుకి తోసుకుని, డాక్టరమ్మతో దెబ్బలాడింది. ఆ రోజు డాక్టరమ్మ నాకు ఫోను చేసి మరీ చెప్పింది. మరో రెండేళ్ళు ఆవిడ ఆ గేటులోంచి బజారుకెళ్ళింది, పచ్చ తలుపు చూసుకుని ఇంటికొచ్చింది. చివరి నెలలో మంచం పట్టిందే గాని, దారి తప్పి పోలేదు.

ఇంతవరకూ చెప్పేసరికి కుర్ర ఇంజనీరు చాయ్ చల్లారిపోయింది. డ్రాయింగు ఇంకా బల్ల మీదే పరిచి ఉంది.

నాకిప్పుడు అరవై ఏడు. బండి నడపడం మానేశాను. మంగ్లా ఒకప్పుడు పల్లె, ఇప్పుడు అంతా మేడలే. మా ఇంటి ముందు డ్రైను మీద పలక లేదు, వీధి చివరదాకా కూర్చోడానికి ఒక్క అరుగు లేదు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మందుల కొట్టుకి వెళ్ళి రెండు నెలలైంది. నేను మొన్న మా వీధే అనుకుని పక్క వీధిలోకి మళ్ళాను. గేట్లన్నీ ఒకేలా ఉన్నాయి. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కుర్రాడి జేబులోంచి పెన్ను లాక్కున్నాను. డ్రాయింగు మీద, ఆ తిన్నని గీతని తెగ్గొట్టి గేటు బొమ్మ గీశాను. గీత వంకర పోయింది. పక్కన అతను చదువుకునేలా హిందీలో రాశాను: మూయించినది నేనే, తెరిపించినది నేనే, చూడకుండా ఖాళీ అని సంతకం పెట్టినది నేనే. కింద పేరు, తేదీ.

అతను కంగారుపడ్డాడు. "సార్, మీరు రిటైర్డ్ కదా... మీ సైన్ చెల్లదు సార్."

"చెల్లదని నాకు తెలుసు నాయనా. చెల్లే సంతకం నీది. అది పెట్టేముందు నాతో ఒకసారి రా. ఇక్కణ్ణుంచి ఆటోలో కాలనీకెళదాం, అక్కణ్ణుంచి బజారుదాకా నడుద్దాం. నీ నడక కాదు, నా నడక."

అతను డ్రాయింగు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను చెప్పులేసుకున్నాను. గడప దిగేటప్పుడు అడక్కుండానే నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎక్కడెక్కడ ఆగుతానో అన్నీ లెక్కపెట్టుకోమన్నాను.